అంతరిక్షంలో ఊ కొట్టినవాడు

ముప్ఫై ఏళ్లుగా ముసెకివా చేస్తున్న పని ఒకటే, అందరి నోళ్లూ మూయించడం. హరారే నగరంలో హాట్‌ఫీల్డ్ పేటలో ఒక పాత ఇంటి పడకగది తీసుకుని, గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి, వాటి మీద దుప్పట్లు పరిచి మేకులు కొట్టి, తలుపు సందుల్లో పాత సైకిల్ ట్యూబులు కూరి తన రికార్డింగు గది కట్టుకున్నాడు. అయినా చప్పుళ్లు ఆగేవి కావు. పక్క వీధిలో పిండిమర, ఎదురుగా ప్రార్థన పాటలు, కప్పు మీద వాలి కసిరినట్టు అరిచే నల్లకొంగలు. వీటన్నిటి మధ్యా రెండు నిమిషాల నిశ్శబ్దం దొరికితే చాలు, దాన్ని బంగారంలా పట్టుకునేవాడు. గాజు పలకకి ఇవతల కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆయన వేలు పైకెత్తాడంటే, లోపలున్నది ఎంతటివాడైనా గుటక మింగడం మానాల్సిందే.

ఆ ఆగస్టులో ఆయన దగ్గర నడుస్తున్నది ఒక టీవీ సీరియల్. షోనా భాషలో తీస్తున్న అంతరిక్షం కథ. నాలుగు వందల మంది మనుషుల్ని నిద్రపుచ్చి, రాగులూ జొన్నలూ గుమ్మడి గింజలూ మూటగట్టుకుని, మరో సూర్యుడి కింద ఊరు కట్టడానికి బయల్దేరిన నౌక అందులో ఉంటుంది. దాని పేరు దురా, అంటే గాదె. తీస్తున్నది నెత్సాయి అనే ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఆమె దగ్గర ఊహలు ఎక్కువ, సామగ్రి తక్కువ. రోడ్డు పక్కన తీగబొమ్మలు చేసి అమ్మే అన్నదమ్ములిద్దరు డబ్బా రేకులతో, ఇనపతీగలతో నౌక లోపలంతా కట్టిపెట్టారు. అది చూసిన వాళ్లెవరూ నవ్వలేదు. అంత బాగా కుదిరింది.

చిక్కంతా ఆరో భాగంలో వచ్చింది. ఆ భాగంలో నౌకని నడిపే యంత్రబుద్ధికి నిద్ర ముంచుకొస్తుంది. అది కునుకు తీసిందంటే లోపల పడుకున్న నాలుగు వందల మందీ ఇక లేవరు. అందుకని అది ఒక కథ చెప్పుకుంటూ మెలకువగా ఉండాలి. ఆ గొంతు కోసం టీవీలో వార్తలు చదివే ఆవిణ్ణి పిలిపించారు. ఒక్క తప్పు లేకుండా, తేనె పోసినట్టు చదివి వెళ్లింది. నెత్సాయి దాన్ని మూడుసార్లు వింది.

"నౌకకి నిద్ర ఆపడం అటుంచు బాబాయ్, నాకే ఆవులింతలొస్తున్నాయి."

"గొంతు శుభ్రంగా ఉంది," అన్నాడు ముసెకివా. ఆయన పొగడ్త అంతకు మించి ఉండదు.

"శుభ్రంగానే ఉంది, ఆస్పత్రి గచ్చులాగ. నేను మా మేనత్తని పిలుస్తా. బుహేరాలో ఉంటుంది. చిన్నప్పుడు మాకందరికీ కథలు చెప్పింది తనే."

"నటించడం వచ్చా?"

"రాదు. కసరడం వచ్చు."

సోమవారం బస్సు దిగి రవీరో వచ్చింది. డెబ్భై రెండేళ్లు, సన్నటి మనిషి, నెత్తిన గుడ్డ బిగించి కట్టి, చంకలో వేరుశనగకాయల సంచీ. గాజు పలక వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా మైకు పెట్టి, ముసెకివా ఇవతలికొచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. చెవుల్లో పిడుగులు పడ్డట్టు టపాటపా చప్పుడు.

"అమ్మా, ఏంటా చప్పుడు?"

"కాయలు ఒలుస్తున్నా."

"ఇక్కడ ఒలవకూడదమ్మా."

"మరి చేతులేం చెయ్యాలి?"

"ఊరికే ఉంచండి."

"డెబ్భై రెండేళ్లలో ఊరికే ఉంచి ఎరగను. ఇప్పుడు నీకోసం కొత్తగా నేర్చుకోవాలా?" అని ఆవిడ గాజులోంచి ఆయన్ని తేరిపార చూసింది. "నీదే వంశమయ్యా?"

"కోతి వంశం."

"అనుకున్నా, ఆ కూర్చోవడం చూసే. పెళ్లయిందా?"

"అయింది."

"ఎవరి పిల్లని చేసుకున్నావు?"

ఈ ప్రశ్న ఎటు దారితీస్తుందో ముసెకివాకి తెలుసు. ఒక్క క్షణం యంత్రం మీటలు తుడుస్తున్నట్టు నటించాడు. పక్కనే ఉన్న నెత్సాయి కుర్చీలో నవ్వు ఆపుకుంటోంది.

"చిహేరా," అన్నాడు చివరికి.

అక్కడ ప్రతి వంశానికీ ఒక జంతువు పేరుంటుంది. దుప్పి వంశపు ఆడపడుచుల్ని చిహేరా అంటారు. వాళ్ల నోటికి దేశమంతా దూరం నుంచే దణ్ణం పెడుతుంది. రవీరో కూడా ఆ ఇంటి ఆడపడుచే.

"ఎక్కడి చిహేరా?"

"బుహేరా."

"ఓ నాయనో!" ముసలావిడ మైకులోకి పెట్టిన కేకకి తెర మీద గీత పైకంటా ఎగిరి ఎర్రబడింది. "మా పిల్లని చేసుకుని, అల్లుడివై ఉండి, అత్తగారి ముందు కుర్చీ మీద కూర్చుని, చెవులకి గిన్నెలు బోర్లించుకుని, కాయలు ఒలవొద్దని చెప్పేంతవాడివయ్యావా?"

యాభై నాలుగేళ్ల ముసెకివా కుర్చీలోంచి జారిపోయాడు. నేల మీద గొంతుక్కూర్చుని, మర్యాదగా రెండు చేతులూ చరిచి, తల వంచుకుని, "క్షమించండి అత్తగారూ. తెలియక చేశాను," అన్నాడు. అప్పటికి గానీ ఆవిడ శాంతించలేదు. శాంతించాక కాయల సంచీ తనే ముడేసి పక్కన పెట్టేసింది. ఆయన ఒక పాత దుప్పటి మడతపెట్టి, నలుపుకోవడానికి చేతుల్లో పెట్టాడు.

అంతటితో కాలేదు. పట్టపగలు కథ చెప్పకూడదంది రవీరో. చెబితే నెత్తిన కొమ్ములు మొలుస్తాయట.

"అత్తా, ఆ నౌక ఉన్నచోట పగలనేదే లేదు," అంది నెత్సాయి. "ఎటు చూసినా చీకటే."

"నౌక ఎక్కడుంటే నాకేమే? నేనున్నది హాట్‌ఫీల్డ్‌లో. బయట ఎండ పేలిపోతోంది."

ముసెకివా లేచి గదిలో దీపాలు ఆర్పేశాడు. తలుపు బిగించాడు. గాజు పలకకి ఇవతల కూడా దీపం తీసేశాడు. కాసేపటికి చీకట్లోంచి ఆవిడ మాట వినబడింది. "నా చెయ్యి నాకే కనబడటం లేదు. సరే, ఇది రాత్రే. కథలు పంట కోతలయ్యాకే చెప్పాలి, అవీ అయిపోయాయి కాబట్టి తప్పు లేదు."

నెత్సాయి రాసిన రెండు పేజీల కాగితం చీకట్లో చదివే వీల్లేదు. రవీరో దాన్ని ముందే పక్కన పడేసింది. నిప్పు కోసం వెళ్లిన పిల్ల కథ తనకి తెలుసు, అదైతే చెబుతానంది. ఇవతల యంత్రం మీద చిన్న ఎర్రదీపం వెలిగింది.

"అనగనగా ఒక ఇల్లు. ఆ ఇంట్లో నిప్పు ఆరిపోయింది," అంది రవీరో. ఆగింది.

ముసెకివా ఎదురుచూశాడు. ఆవిడా ఎదురుచూసింది. ఇంత చక్కటి నిశ్శబ్దం ఆ గదిలో ఎన్నడూ పడలేదు. దానిలో ఏ కథా లేదు.

"ఆగిపోయారేం అత్తగారూ?"

"ఎవరూ ఊ కొట్టలేదుగా."

"మీరు చెప్పుకుంటూ పోండి. రికార్డింగులో ఊ అక్కర్లేదు."

"ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడతాం. లోపల్నించి పలుకు వస్తేనే అడుగు పెడతాం. పలుకు రాకపోయినా పెట్టేవాణ్ణి ఏమంటారు?"

"దొంగంటారు," అంది నెత్సాయి.

"మరి! నన్ను దొంగని చేస్తారా?"

నెత్సాయి లోపలికెళ్లి ఎదురుగా కూర్చుంది. కథ మళ్లీ మొదలైంది. ఊ కొట్టింది. మూడు వాక్యాలు నడిచాయో లేదో ముసలావిడ మళ్లీ ఆపేసింది.

"నీ ఊ కి కాళ్లున్నాయే. నాకంటే ముందు పరిగెడుతోంది. నేనింకా నిప్పు దగ్గరే ఉన్నా, నువ్వు అప్పుడే ఇంటికెళ్లిపోయావు."

"టైము చూసుకోవాలి కదత్తా. మనకున్నది ఆరు నిమిషాలు."

"అందుకే నువ్వు పనికిరావు. అల్లుణ్ణి పంపు."

ముసెకివా అడ్డం పడ్డాడు. యంత్రం దగ్గర ఎవరో ఒకరు ఉండాలన్నాడు. నెత్సాయి చూసుకుంటానంది. ఊ అనడం బదులు తలూపుతానన్నాడు.

"చీకట్లో తలూపితే ఎవరికి కనబడుతుందయ్యా? మా పిల్ల ఎలా వేగుతోందో నీతో!"

ఆయన భయం యంత్రం గురించి కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ముసెకివా రేడియోలో ప్రకటనలు చదివే ఉద్యోగానికి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం గుండెలకి హత్తుకుని, ఏడు వాక్యాలు చదివాడు. గాజు వెనకాల ఉన్న ముగ్గురూ మొదటి వాక్యానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మూడో వాక్యానికి బల్ల మీద తల వాల్చి నవ్వారు. మనిషి చూస్తే నిలువెత్తు, గొంతు చూస్తే పదేళ్ల పిల్లాడిది. పిల్లల కార్యక్రమం పక్క గదిలోనని ఒకాయన దారి కూడా చూపించాడు. ముసెకివా అంటే నవ్వులపాలైనవాడని అర్థం. తాత పెట్టిన పేరు ఆ రోజు అచ్చంగా అతికింది. ఆ తరవాత ఆయన గాజుకి రెండో వైపు పని నేర్చుకున్నాడు. లోకంలో అందరి గొంతులూ పట్టాడు గానీ తన గొంతు యంత్రంలో పడనివ్వలేదు.

కానీ అత్తగారి మాట కాదనే అల్లుడు ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. ఏ మీట ముట్టుకోకూడదో నెత్సాయికి రెండుసార్లు చెప్పి, తడుముకుంటూ లోపలికెళ్లి, ముసలావిడ మోకాళ్ల దగ్గర చాప మీద కూలబడ్డాడు. వేరుశనగ మట్టి వాసన, కట్టెపొగ వాసన. చిన్నప్పుడు ఆయనకి కథలు చెప్పినవాళ్లు లేరు. అమ్మ పట్నంలో దొరలింట్లో వంట చేసేది, నాన్న గనిలో. ఊ ఎక్కడ కొట్టాలో కూడా ఆయనకి సరిగ్గా తెలియదు.

"అనగనగా ఒక ఇల్లు. ఆ ఇంట్లో నిప్పు ఆరిపోయింది."

"ఊ," అన్నాడు ముసెకివా. పిల్లిపిల్ల కూసినట్టుంది.

ముసలావిడ నవ్వలేదు. "అమ్మ కూతురి చేతిలో కుండపెంకు పెట్టి, పక్కింటికెళ్లి నిప్పు పట్రా అంది."

"ఊ."

"పక్కింట్లోనూ ఆరిపోయింది. ఆ పక్కింట్లోనూ ఆరిపోయింది. పిల్ల ఊరు దాటింది. పశువుల దొడ్డి దాటింది. కొండ దాటింది. కొండ మీద ఇంకేముంటుంది?"

"ఆకాశం."

"ఊ అను చాలు. తొందరపడకు."

"ఊ."

ఆ పిల్ల ఆకాశంలోకి నడిచింది. ఎక్కడో చివరింట్లో ఒక ముసల్ది పొయ్యి ముందు కూర్చుని ఉంది. కింద నుంచి చూసేవాళ్లు ఆ పొయ్యినే చుక్క అనుకుంటారు. కథ నడిచేకొద్దీ ముసెకివాకి తను ఊ కొడుతున్న సంగతే తెలియకుండా పోయింది. ఆవిడ గొంతు తగ్గితే ఆయన ఊ తగ్గింది. ఆవిడ భయపెడితే ఆయన ఊ లోపలే ఆగి ఆలస్యంగా బయటికొచ్చింది. నడుమ పాట వచ్చింది.

"పెంకులో నిప్పు, పెదవిపై గాలి,
ఊదవే తల్లీ, ఊళ్లు లేచేదాకా."

రెండోసారి పాడేటప్పుడు ఆయనా సన్నగా గొంతు కలిపాడు.

"'నిప్పు ఇస్తా' అంది చుక్క దగ్గరి ముసల్ది. 'కానీ దారంతా ఊదుతూ పోవాలి. ఆపావంటే ఆరిపోతుంది. నీ ఊళ్లో పొయ్యి చాలా దూరం. నీ ఊపిరి అయిపోతే ఏం చేస్తావు?' అంది."

రవీరో ఆగింది. ముసెకివా ఊ కొట్టాలి. కొట్టలేదు. చీకట్లో ముందుకు వంగి, "అప్పుడా పిల్ల ఏమంది?" అన్నాడు.

"'నా వెనకాల ఊదేవాళ్లు వస్తారు' అంది."

"ఎవరు?"

"'వాళ్లింకా పుట్టలేదు' అంది."

గాజుకి ఇవతల నెత్సాయి టైము చూసుకోవడం మానేసింది. పిల్ల నడుస్తూ నడుస్తూ పెద్దదైంది, దారిలోనే ఒక కూతుర్ని కన్నది, ఆ కూతురు పెంకు అందుకుంది, దాని కూతురు అందుకుంది. ఎన్నో తరాల తరవాత ఒక పిల్ల పెంకులో నిప్పుతో ఆ ఇంటి గడప తొక్కింది. చల్లారిన పొయ్యి ముందు ఆ అమ్మ అలాగే కూర్చుని ఉంది. తలెత్తి చూసి, "పక్కింటికి పంపితే ఇంతసేపా? ఎసరు పెట్టుకుని కూర్చున్నా," అంది.

ముసెకివా నవ్వాడు. గట్టిగా, పదేళ్ల పిల్లాడి గొంతుతో, కడుపు పట్టుకుని నవ్వాడు. అదీ యంత్రంలో పడింది.

దీపాలు వెలిగాక కథ ఇరవై రెండు నిమిషాలు వచ్చిందని తెలిసింది. రవీరో సంచీ విప్పి, దోసెడు కాయలు అల్లుడి చేతిలో పోసి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. ముసెకివా తలుపేసుకుని తన ఊలు తీసెయ్యడానికి కూర్చున్నాడు.

రెండు రోజులు కూర్చున్నాడు. తెర మీద ఆవిడ మాటలు పెద్ద గీతలుగా, తన ఊలు చిన్న గీతలుగా కనబడేవి. చిన్న గీత కత్తిరించి చూస్తే, ఆవిడ ఎవరి కోసమో ఎదురుచూసి, ఎవరూ రాక, చిన్నబుచ్చుకుని ముందుకెళ్లినట్టుండేది. మధ్య ఖాళీ కూడా తీసేసి దగ్గరికి జరిపితే వార్తలు చదువుతున్నట్టుండేది. ఒక నాటకాలాయన్ని పిలిచి నిండు గొంతుతో ఊలు చెప్పించి అతికించాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడు బిగుసుకుని కూర్చున్నట్టుంది. వాటినీ పీకేసి తనవి మళ్లీ పెట్టాడు. పెట్టి, కళ్లు మూసుకుని మొదట్నించి విన్నాడు. ముప్ఫై రెండేళ్ల తరవాత తన గొంతు తను విన్నాడు. ఎంతో మారి ఉంటుందనుకున్నాడు. ఏమీ మారలేదు.

తలుపు దగ్గర నెత్సాయి నిలబడి ఉంది. ఎంతసేపట్నించో!

"రేపటికల్లా తీసేస్తాను," అన్నాడు ముసెకివా.

"ఒక్కటి ముట్టుకున్నావంటే బుహేరాకి ఫోన్ చేస్తా."

"నవ్వుతారమ్మా."

"ఎవరు?"

ఆయన తెర వైపు తిరిగాడు. ఆమె వచ్చి ఆయన పక్కన నేల మీదే కూర్చుంది. "బాబాయ్, నాలుగు నెలలుగా ఈ కథ రాస్తున్నాను. నౌక తనకి తానే కథ చెప్పుకుంటుందని రాశాను. ఎంత తెలివితక్కువ పని! తనకి తాను చెప్పుకుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. రెండో మనిషి కావాలి. మన పేడపురుగు లేదూ?"

నౌకలో ఒక చిన్న మరమ్మతు యంత్రం ఉంది. తీగబొమ్మల అన్నదమ్ములు పేడపురుగు ఆకారంలో చేశారు. అయిదు భాగాల్లోనూ అది మేకులు దొర్లించుకుంటూ మూలల్లో తిరగడమే తప్ప నోరెత్తలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కూడా.

"ఆరు నిమిషాలు కాదు, ఈ భాగమంతా ఇదే. నౌక కథ మొదలుపెడుతుంది. ఎవరూ పలకరు. మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు మూల నుంచి ఆ పురుగు ఊ అంటుంది. అదీ దాని మొదటి మాట," అంది నెత్సాయి. "ఇంత చిన్న యంత్రానికి నీ గొంతే ఉండాలి. నిండు గొంతుంటే ఏడిసినట్టుంటుంది."

ముసెకివా హెడ్‌ఫోన్లు తీసి మెళ్లో వేసుకున్నాడు. ఆ తరవాత, "నాలుగో ఊ దగ్గర కొంగ అరిచింది. అదైనా తియ్యనీ," అన్నాడు.

మూడు వారాల తరవాత ఒక గురువారం సాయంత్రం ఏడింటికి ఆరో భాగం వచ్చింది. గ్లెన్ నోరా పేటలో ముసెకివా ఇంటి ముందుగదిలో పక్కవాళ్లూ వాళ్ల పిల్లలూ కలిపి పద్నాలుగు మంది. ఆయన భార్య షూవాయి ఒళ్లో చాట పెట్టుకుని ఆకుకూర సన్నగా తరుగుతోంది. ముసెకివా ఆమెకి ఏమీ చెప్పలేదు. నౌక మొదటిసారి పలికేసరికి టీ పెట్టే నెపంతో వంటగదిలోకి తప్పుకున్నాడు.

తెర మీద పేడపురుగు తల తిప్పి, ఊ అంది.

షూవాయి కత్తి ఆగిపోయింది. "ఇదేంటి, మా ఆయన!"

"ఎక్కడ వదినా?" అన్నారెవరో.

"ఆ పురుగు! ఇరవై ఏడేళ్లుగా వింటున్నా, నాకు తెలీదూ? బాత్రూములో గొంతెత్తి పాడతాడు, ఎవరికీ వినబడదనుకుని. ఏమండీ! ఎక్కడ దాక్కున్నారు?"

గదంతా గొల్లుమంది. వంటగదిలో ముసెకివా కెటిల్ పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చప్పుళ్లని విడదీసి వినడం ఆయన వృత్తి. ఇప్పుడూ విన్నాడు. పద్నాలుగు నవ్వుల్లో ఒక్కటీ ఆ బల్ల మీద తల వాల్చిన నవ్వు కాదు. అంతలోనే నవ్వు ఆగింది కూడా. కథ నడుస్తోంది. నిప్పు పెంకుతో పిల్ల ఆకాశం ఎక్కుతోంది. చుక్క దగ్గరి ముసల్ది అడగాల్సింది అడిగింది.

పురుగు నోరు తెరిచేలోపే ముందుగదిలో పిల్లలు, "అప్పుడేమంది?" అని ఒక్కసారిగా అరిచారు.

కెటిల్ కూత పెడుతోంది. షూవాయి వచ్చి దాన్ని దించింది. భర్త చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. ఆమె ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, "కాలుతుందండీ," అని ఊరుకుంది. ఆ మాట ఇంత మెల్లగా ఆమె అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. చిహేరాలు మెల్లగా మాట్లాడరు.

మర్నాడు పొద్దున్నే బుహేరా నుంచి ఫోను. రవీరో మెచ్చుకోవడానికి చెయ్యలేదు. "ఊరూ వాడా చూసింది. మా అల్లుడని చెప్పుకున్నా. ఒక్కసారైనా గుమ్మం తొక్కని అల్లుడేంటని అడుగుతున్నారు. పిల్లని తీసుకుని రేపు శనివారం రా."

శనివారం నెత్సాయి పికప్పులో ముగ్గురూ వెళ్లారు. దారి పొడుగునా షూవాయి మాట్లాడింది, నెత్సాయి నవ్వింది. వాకిట్లో అడుగు పెట్టగానే వదినలూ మరదళ్లూ ముసెకివాని చుట్టుముట్టి, సంచీ లాక్కుని, చొక్కా చేతులు మడిచి, గొడ్డలి చేతికిచ్చారు. అల్లుడన్నాక కట్టెలు కొట్టాల్సిందే. పట్నం అల్లుడి మొదటి దెబ్బ మొద్దుకి తగలకుండా నేలలో దిగితే ఈలలు వేశారు. లోపల రవీరో గుమ్మడాకు కూరలో వేరుశనగ ముద్ద కలుపుతూ, షూవాయి ఎవరి మనవరాలో, ఎవరి మేనకోడలో ఆరా తీస్తోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఇద్దరికీ అన్నీ వినబడుతున్నాయి.

అయిదారేళ్ల పిల్ల ఒకతె వచ్చి కట్టెల మోపు మీద కూర్చుంది. పేరు తారీరో. ముసెకివాని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"పేడపురుగువి నువ్వేనా?"

"ఊ," అన్నాడు ఆయన.

"అది చిన్నగా ఉంటుంది. నీకు పొట్ట ఉంది."

"ఊ."

ఆ రెండో ఊ తో పిల్లకి నమ్మకం కుదిరింది. కాళ్లు పైకి ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. "మొన్న మా మేక బడికెళ్లింది, తెలుసా?"

"ఊ." గొడ్డలి లేచింది.

"తలుపు తీసే ఉంది. టీచరు బయట ఫోను మాట్లాడుతోంది. మేక బల్ల ఎక్కింది."

"ఊ." గొడ్డలి దిగింది. మొద్దు రెండుగా విడిపోయింది.

"హాజరు పుస్తకం తినేసింది. అందరి పేర్లూ తినేసింది. నా పేరు చివర్న ఉంటుంది కదా, అందుకని..."

"అందుకని?" అన్నాడు ముసెకివా, గొడ్డలి పక్కకి ఆనించి.

వంటింటి గుమ్మంలోంచి షూవాయి కేకేసింది, సద్జా సంకటి వడ్డించామని, చేతులు కడుక్కుని రమ్మని. ముసెకివా లేవబోయాడు. పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"ఉండు. ఇంకా హెడ్మాస్టరు రాలేదు."